నిమిషానికి ఇరవై చుట్లు తక్కువ

మా పక్కింటి బ్యాండ్ మాస్టర్ ఇక లేరు. మొన్న శనివారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. నేను బడికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. గోడ అవతలి నుంచి ఆయన భార్య నన్ను పిలిచింది. ఆమెను నేను వదినె అంటాను. ఇరవై ఏళ్ళుగా ఆమె నన్ను ఆ గోడ మీదుగానే పిలుస్తోంది, తోడు పెరుగు కోసం, అగ్గిపెట్టె కోసం, మొగుడి మీద కోపం వచ్చినప్పుడు ఊరికే. ఈసారి పిలుపు వేరుగా ఉంది. ఒక కాలికి చెప్పుతోనే పరుగెత్తాను.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెళ్ళిళ్ళ కాలంలో ఎనిమిది మంది బ్యాండుకు మాస్టరు. ఆదివారం పొద్దున చర్చికి పోయే మనిషి. ఆయన పేరు ఏ పేపర్లోనూ రాలేదు. కానీ మా చెరుకు ఊళ్ళలో పెళ్ళయి అత్తగారింటికి పోయిన ఆడబిడ్డ ఎవరైనా ఇది చదువుతుంటే, ఆమె ఆయన వాయించిన పాటకు ఏడ్చే ఉంటుంది. అమ్మా, అది ఏడుపు పాట కాదని ఇప్పుడు చెప్పబోతున్నాను. కోపం తెచ్చుకోవద్దు. నేనూ ఏడ్చినదాన్నే.

నిజాం రాజ్యం పోయాక రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ మరుసటి ఏడు నా పెళ్ళి. మాది జక్రాన్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇల్లు. మా ఆయన బోధన్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే చోట గుమాస్తా. మగపెళ్ళివారు తమ వెంట బ్యాండును కూడా తెచ్చారు. నేను చిన్నప్పటి నుంచి మొండిదాన్నని పేరు. పెళ్ళి జరిగినంతసేపూ కంట తడి పెట్టలేదు. మా అవ్వకు అది సిగ్గుగా కూడా ఉన్నట్టుంది, రెండుసార్లు గిల్లింది. తీరా బండి ఎక్కే వేళకు, ఎర్ర కోటు వేసుకున్న పొడుగాటి మనిషి ఒకాయన కార్నెట్ అనే పొట్టి బాకాను పెదవులకు ఆనించారు. అంతకుముందు అలాంటి పాట నేను వినలేదు. కార్నెట్ మెల్లగా ఏదో ఒకటి అడుగుతుంది. వెనక నుంచి మిగతా బాకాలు కాసేపు ఆలోచించి జవాబు చెప్తాయి. ఆ జవాబు చాలనట్టు కార్నెట్ మళ్ళీ అడుగుతుంది. రెండోసారి అడిగేసరికి నేను బండి చక్రం పట్టుకుని ఏడ్చేశాను. నన్ను గిల్లిన అవ్వ నాకన్న ఎక్కువ ఏడ్చింది.

బోధన్‌లో కాపురానికి వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం వంకాయలు కోస్తున్నాను. గోడ అవతలి నుంచి అదే పాట. కత్తిపీట ముందు కూర్చుని మళ్ళీ ఏడ్చాను. ఏడ్చినందుకు ఒళ్ళు మండింది. కొత్త కోడలినని కూడా చూసుకోకుండా పక్కింటికి పోయి గడప దగ్గర నిలబడ్డాను.

"మీ ఇంట్ల ఎవలన్న అత్తగారింటికి పోతున్నరా? నన్ను ఒకసారి ఏడిపిచ్చింది సాలదా?" అన్నాను.

లోపల ఒక చెక్క పెట్టె మీద రికార్డు తిరుగుతోంది. దాని చుట్టూ నలుగురు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఎర్ర కోటు లేదు కాని మనిషి ఆయనే. లేచి నన్ను పరికించి చూశారు.

"జక్రాన్‌పల్లి పిల్లవు గదా నువ్వు! మస్తు ఏడ్చినవ్. రా చెల్లె, కూసో, చాయ్ తాగు" అన్నారు.

"ఏడిపిచ్చుడు, చాయ్ పోసుడు. ఈయనకు గిదే పని" అంది లోపలి నుంచి వదినె.

అలా కూర్చున్నదాన్ని ఇరవై ఏళ్ళు కూర్చున్నాను.

ఆ పెట్టె కథ ఇది. ఫ్యాక్టరీలో అదివరకు ఒక తెల్లదొర ఇంజనీరు ఉండేవాడట. దేశానికి తిరిగి పోతూ తన గ్రామఫోన్‌నూ ముప్పైకి పైగా రికార్డులనూ మాస్టర్‌కు ఇచ్చి పోయాడు. అన్నీ అమెరికా వైపు డ్యాన్సు హాళ్ళలో పదిహేను, ఇరవై మంది కలిసి వాయించే పెద్ద పెద్ద బ్యాండ్ల పాటలు. దాన్ని స్వింగ్ అంటారని దొర చెప్పాడు. గొప్ప పేరున్న బ్యాండ్ల రికార్డులు దొర తన వెంట తీసుకుపోయాడు. ఎవరికీ తెలియని ఊళ్ళలో ఎవరికీ తెలియని వాళ్ళు వాయించినవి వదిలిపోయాడు. మిగిలినవి తన మొహాన పడేశాడని మాస్టర్ ఏనాడూ అనుకోలేదు. "పేరున్నోళ్లను లోకమంత వింటది చెల్లె. పేరు లేనోళ్లను మనం విందం" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో బడాయి ఏమీ ఉండేది కాదు. పక్కింటివాళ్ళకు కూర పంపినంత మామూలుగా అనేవారు.

నాకు నచ్చిన పాట ఉన్న రికార్డు చీటీని చెదలు తిన్నాయి. పాట పేరు లేదు, బ్యాండు పేరు లేదు. మాస్టర్ దాన్ని చినిగిన రికార్డు అనేవారు, ఊళ్ళ వాళ్ళు సాగనంపే పాట అనేవారు.

గ్రామఫోన్ ఆయన చేతికి వచ్చినప్పుడు స్ప్రింగు విరిగి ఉంది. ఫిట్టరు కదా, స్ప్రింగు తనే వేసుకున్నారు. పళ్ళెం ఎంత వేగంగా తిరగాలో చూసుకునే స్క్రూ ఒకటి ఉంటుంది. దాని పక్కన అంకెలు రాసిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. మరి ఎంత వేగం పెట్టాలి? మాస్టర్ వయసులో ఉండగా నిజాం ఫౌజు బ్యాండులో వాయించిన మనిషి. మొదటి రికార్డు పెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకు ఫౌజీ స్లో మార్చ్ నడిచారట. తన అడుగూ రికార్డులోని డోలు దెబ్బా ఒకేసారి పడేదాకా స్క్రూ తిప్పారు. పడ్డాక, ఇంకెవరూ ముట్టకుండా దాని మీద లక్క కరిగించి పోశారు. తప్పు అక్కడే జరిగింది. నేను కాపురానికి వచ్చాక కూడా ఎనిమిదేళ్ళ దాకా మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

అనుమానం ఎందుకు రాలేదని మీరు అడగవచ్చు. వచ్చింది, నాకే వచ్చింది. మన బాకాల కన్న ఆ రికార్డులో బాకాలు ఇంత బొంగురుగా ఎందుకున్నాయని అడిగాను. "వాళ్ళ మనుషులే పెద్దగుంటరు చెల్లె. బాకాలు గూడ పెద్దగుంటయి" అన్నారు. సరే అనుకున్నాను. స్వింగ్ అంటే ఊగడమని డిక్షనరీలో ఉంది, పాట చూస్తే ఊగుతూనే ఉంది. ఇంకేం కావాలి?

ఆదివారం చర్చి అయ్యాక, అన్నం తిన్నాక కూర్చునేవాళ్ళం. మాస్టర్, వదినె, నేను, తీరిక ఉంటే మా ఆయన, బ్యాండులో క్లార్నెట్ వాయించే దర్జీ, పెద్ద డోలు కొట్టే హమాలీ. రికార్డు మీద ఆనించే ఇనుప ముళ్ళు నిజామాబాద్‌లో దొరకడం మానేశాక మాస్టర్ తుమ్మ ముళ్ళు వాడేవారు. చెరుకు చేల గట్ల మీద ఏరుకొచ్చి, నీడలో ఎండబెట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో మొన చెక్కి పెట్టుకునేవారు. ఒక పాటకు ఒక ముల్లు. పాట అయ్యాక ఆ ముల్లును పారేయడానికి వదినె ఒక రేకు డబ్బా పెట్టింది, పాదాల్లో గుచ్చుకుంటున్నాయని పోట్లాడి మరీ.

ఊరికే వినడానికి మాస్టర్ ఒప్పుకునేవారు కాదు. రికార్డు పెట్టే ముందు ఒక్కొక్కరికి ఒక్కొక్క వాద్యం అప్పగించేవారు. "నువ్వు రెండో ట్రంపెట్ను పట్టుకో. నువ్వు పియానోను పట్టుకో, ఇడువకు." పాట నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఎవరిదాన్ని వాళ్ళు పట్టుకుని ఉండాలి. అయ్యాక తన మనిషి ఏం చేశాడో చెప్పాలి. వదినె ఎప్పుడూ డోలే తీసుకునేది, బియ్యం ఏరుకుంటూ వినడానికి అదే వీలు. నాకు మొదటి రోజే మూడో సాక్సఫోన్ ఇచ్చారు. అది ఎక్కడుందో వెతుక్కోవడానికే నాకు నెల పట్టింది. మిగతావాళ్ళ కింద నలిగి, ఎవరికీ వినబడకుండా పని చేసుకుపోతుంది.

"గిదేంది అన్నా, గీనె లేకున్న పాట నడుస్తది గదా" అన్నాను విసుగొచ్చి.

"నడువది. ఒక్కసారి గీనెను తీసేసి విను" అన్నారు. రికార్డులోంచి ఒక మనిషిని ఎలా తీసేయాలో చెప్పలేదు. కాని ఆ వారమంతా వంట చేస్తూ ఆలోచించాను. ఎవరికీ కనబడకుండా నేను చేసే ఇంటి పని గుర్తొచ్చింది. మూడో సాక్సఫోన్ అంటే నాకు అభిమానం పుట్టింది అప్పుడే.

ఆయన పంచుకోవడానికి మనుషులే కావాలి, తెలిసినవాళ్ళే కానక్కర్లేదు. క్రషింగ్ కాలంలో ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు వరసగా ఆగి ఉంటాయి, వంతు వచ్చేదాకా రైతులకు పొద్దు పోదు. డ్యూటీ లేని మధ్యాహ్నం మాస్టర్ గ్రామఫోన్‌ను సైకిల్ వెనక కట్టుకుని ఆ లైను దగ్గరికి పోయేవారు. మా ఆయనకు అన్నం తీసుకుపోయిన ఒక రోజు కళ్ళారా చూశాను. పది మంది రైతులు బండి నొగల మీద కూర్చుని ఉన్నారు. మాస్టర్ ఒక్కొక్కరి దగ్గరికి పోయి వాద్యాలు పంచుతున్నారు. "పటేలా, నీకు ట్రాంబోన్. గుర్రుపెట్టినట్టు వస్తది, దాన్నే పట్టుకో." పాట అయ్యాక సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ రైతు ఒకాయన "పున్హా లావా" అన్నాడు, మళ్ళీ పెట్టమని. ఆ మాటకు మాస్టర్ ముఖం ఎంత వెలిగిపోయిందో! మళ్ళీ పెట్టారు. బండ్లు ముందుకు కదిలినా ఆ రైతు కదలలేదు, వెనక బండివాళ్ళు తిట్టారు.

ఇక ఆ చినిగిన రికార్డు పాటను నా పెళ్ళికి ముందే ఆయన స్వరాలుగా రాసుకుని, బ్యాండుకు నేర్పి, సాగనంపే వేళకు వాయించడం మొదలుపెట్టారు. ఊరూరికీ పాకింది. వేరే బ్యాండ్లవాళ్ళు కూడా విని పట్టుకున్నారు. కందకుర్తి నుంచి ఇందల్వాయి దాకా ఆడపిల్లను ఆ పాటతోనే బండెక్కించారు.

ఈలోగా నేను టీచరు ట్రైనింగ్ చేసి బోధన్‌లోనే ఒక చిన్న బడిలో చేరాను. ఒక ఏడాది మా బడికి కరెంటుతో నడిచే రికార్డు ప్లేయర్ వచ్చింది, పిల్లలచేత డ్రిల్లు చేయించడానికి. మాస్టర్ ప్రతి పాటకూ గ్రామఫోన్ స్ప్రింగు చావి తిప్పి తిప్పి భుజం పట్టేసి బాధపడుతున్నారు. ఒక్క ఆదివారమైనా ఆ శ్రమ లేకుండా వినిపిద్దామని నా ఆశ. పెద్ద టీచరమ్మను బతిమాలి, దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దారిపొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

దాని మీద వేగానికి అంకెలున్నాయి. మందపాటి నల్ల రికార్డులకు డెబ్బై ఎనిమిది మీద పెట్టాలని డ్రిల్లు టీచరు చెప్పింది. అక్కడే పెట్టాను. మొదట చినిగిన రికార్డే వేశాను, నా పాట కదా.

పాట ఉరుక్కుంటూ వచ్చింది. బొంగురు బాకాలు లేవు. సన్నగా, పదునుగా, నవ్వుతూ ఏవో వేరే బాకాలు. కార్నెట్ అడగడమే ఆలస్యం, వెనకవాళ్ళు ఆలోచించకుండా మీద పడి జవాబు చెప్తున్నారు. నా అరికాళ్ళు వాటంతట అవే నేల మీద కొట్టుకున్నాయి.

వదినె చాటలో బియ్యం పక్కన పెట్టి పకపకా నవ్వింది. "గిదేంది, పెండ్లిపిల్ల బస్సు తప్పిపోతదని ఉరుకుతున్నదా!" దర్జీ కూడా నవ్వాడు. తర్వాత మాస్టర్ ముఖం చూసి ఊరుకున్నాడు.

"బంద్ చెయ్యి చెల్లె" అన్నారు మాస్టర్.

ఆయన లేచి, రికార్డు చీటీ మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టారు. బడి మిషన్‌ను మళ్ళీ తిప్పమని, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకున్నారు. చుక్క తన ముందు నుంచి పోయినప్పుడల్లా పెదవులు కదిలిస్తూ నిమిషం పాటు లెక్కపెట్టారు. డెబ్బై ఎనిమిది. తర్వాత అదే రికార్డును తన గ్రామఫోన్ మీద పెట్టి, చావి నిండా తిప్పి లెక్కపెట్టారు. ఇంకోసారి లెక్కపెట్టారు.

"యాభై ఎనిమిది. నిమిషానికి ఇరవై చుట్లు తక్కువ తిప్పిన" అన్నారు.

"మా బడి మిషినే ఖరాబున్నదేమో అన్నా" అన్నాను.

ఆయన ఇంకొక రికార్డు తీసి చీటీ చూపించారు. అంచున చిన్న అక్షరాల్లో డెబ్బై ఎనిమిది అని అచ్చు వేసి ఉంది. "గిది రికార్డు నంబరనుకున్న. ఇన్ని రికార్డులకు ఒక్కటే నంబర్ ఎట్లుంటదని ఒక్కనాడన్న ఆలోచన చెయ్యలె." దర్జీ వైపు తిరిగారు. "ఎంతమంది పిల్లలను సాగనంపినం మనం?"

"ఎవలు లెక్కవెట్టిండ్రు మాస్టర్" అన్నాడు దర్జీ.

"అందరికి తప్పే ఇచ్చిన" అని పెట్టె మూత వేశారు.

ఎనిమిది ఆదివారాలు ఆ మూత తీయలేదు. గోడ అవతల చడీచప్పుడూ లేదు. ఆ బడి మిషన్‌ను మంజీరలో పడేయాలనిపించింది నాకు. ఎవరు తెమ్మన్నారు, ఎందుకు తెచ్చాను? ఇల్లంతా సందడిగా ఉండే మనిషి, డ్యూటీకి పోయి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. దొర ఇచ్చిన సొమ్మును దాచుకోకుండా అందరికీ పంచానని ఆయన మురిసిపోయిన మాట నిజం. పంచిందంతా తప్పని తేలితే ఎలా ఉంటుందో నాకు అప్పటికి సగమే అర్థమయింది. తల ఎత్తుకుని తిరగలేనన్నట్టు ఉండేవారు.

ఆ వేసవిలో కందకుర్తిలో మా ఆయన తరఫు చుట్టాలింట్లో పెళ్ళి. మాస్టర్ బ్యాండే. సాగనంపే వేళకు ఆయన కార్నెట్ ఎత్తలేదు. తిన్నగా పెళ్ళికూతురి అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డారు.

"అవ్వా, నీకొక మాట చెప్పాలె. నేను గిన్నేండ్లు వాయించింది తప్పు. అది ఏడ్చే పాట కాదు, ఎగిరే పాట. నా మిషిన్ల తప్పుండె. ఇయ్యాల్టి సంది వాయించ. వేరేది వాయిస్త" అన్నారు.

అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. "తప్పో ఒప్పో మాకేమెరుక బిడ్డ. నా పెద్ద మనుమరాలిని గా పాటతోనే తోలిన. చిన్నదాన్ని వేరేదాంతోని తోలితె రేపు అక్కచెల్లెండ్లు నా పానం తింటరు. సప్పుడుజెయ్యక గదే వాయించు. మెల్లగ వాయించు, జరసేపు పిల్లను సూసుకోనియ్యి."

ఆయన వాయించారు, అదే పాత నడకలో. పిల్లను పట్టుకుని అందరూ ఏడ్చారు. ఆయన మాత్రం పక్కకు తిరిగి నిలబడి వాయించారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నా ముందు సీట్లో కూర్చుని, చాలాసేపటికి వెనక్కు తిరిగారు.

"మెల్లగ వాళ్ళకు కావాలంటె ఇస్త చెల్లె. కని ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి, దాని నడకల దాన్ని మందిల వాయించాలె. వాయించినోళ్ళు ఎవలో పేరు గూడ ఎరుక లేదు. వాళ్ళు అంత కష్టపడి ఉరికిస్తే నేను కాళ్ళకు తాళ్ళు గట్టిన."

తొమ్మిదో ఆదివారం గోడ అవతల సుత్తి చప్పుడు వినబడింది. పోయి చూస్తే ఉలితో లక్క కొట్టేస్తున్నారు. సుద్ద చుక్క పెట్టి, గడియారం చూసుకుంటూ, ఒక్కొక్క చుట్టు సరిచేసి డెబ్బై ఎనిమిదికి తెచ్చారు. ఆ తర్వాత నెలలు మా జీవితంలో పండుగ. ముప్పై రికార్డులూ మళ్ళీ కొత్తగా దొరికాయి. నా మూడో సాక్సఫోన్ మనిషిని ఎనిమిదేళ్ళుగా సోమరి అనుకున్నాను. తీరా చూస్తే ఆయన పక్కవాళ్ళను అందుకోలేక రొప్పుతున్నాడు. ఆ మాట చెప్తే మాస్టర్ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

కాని చినిగిన రికార్డు పెట్టినప్పుడు మాత్రం నేను లేచి మా ఇంటికి పోయేదాన్ని. అది నా పాట కాదు. నా పాటకు అవ్వ ఉంది, బండి చక్రం ఉంది. ఆ ఉరికే పాటకు ఏమున్నాయి?

"నాది నాకు కావాలె అన్నా. మెల్లగదే అసలుది" అని పోట్లాడాను ఒకసారి.

"నువ్వు ఏడ్చింది నా స్క్రూకు చెల్లె, పాటకు కాదు" అన్నారు. నాకు కోపం వచ్చి వారం రోజులు మాట్లాడలేదు. వదినె మధ్యలో రాయబారం నడిపింది.

రెండేళ్ళ తర్వాత మా అవ్వ చనిపోయింది. జక్రాన్‌పల్లిలో దినాలు ముగించుకుని బోధన్ వచ్చాను. ఇంట్లో పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు, అరుగు మీద కూర్చున్నాను. మాస్టర్ గుడ్డ సంచిలో కార్నెట్ పట్టుకుని వచ్చారు. నాకు కాస్త దూరంగా కూర్చుని, బాకా మూతిని తుడుచుకున్నారు.

"తప్పని నాకెరికనే. నువ్వు విను" అన్నారు.

వాయించారు. ఫౌజీ నడకలో, నిమిషానికి ఇరవై చుట్లు తక్కువగా, అడిగే బాకా ఒక్కటే. జవాబు చెప్పేవాళ్ళు లేరు కనుక ఆ చోటంతా ఖాళీగా వదిలి, ఆగి, మళ్ళీ అడిగారు. నా అవ్వ కోసం నేను కడుపారా ఏడ్చింది ఆ అరుగు మీదనే. తప్పు వాయించడం ఆయనకు ఎంత కష్టమో ఆ గల్లీలో నాకన్న బాగా తెలిసినవాళ్ళు లేరు. తోడబుట్టిన అన్న ఉన్నా నాకు అంతకన్న ఎక్కువ చేసేవాడు కాదు. ఆ రోజు తర్వాత నేను ఆయనతో ఆ పాట గురించి పోట్లాడలేదు.

ఆయన పట్టుదల మాత్రం అలాగే ఉండిపోయింది. చర్చి వెనక ఖాళీ జాగాలో బ్యాండుకు అసలు నడక నేర్పడం మొదలుపెట్టారు. పదిహేను మంది చేసే పని ఎనిమిది మందితో చేయించాలి. ఒక్కొక్కరికి ఇద్దరి పని రాసి ఇచ్చేవారు. క్లార్నెట్ దర్జీకి సగంలోనే ఊపిరి అందేది కాదు. హమాలీ చెయ్యి పగలంతా బస్తాలు మోసి మోసి డోలు మీద బరువుగా పడేది. కష్టపడి కొంత పట్టుకునేవాళ్ళు, పెళ్ళిళ్ళ కాలం రాగానే మళ్ళీ అందరూ మెల్లగదే అడిగేవాళ్ళు, నేర్చింది పోయేది. ఒక ఊరేగింపులో మొదలుపెట్టబోతే మగపెళ్ళివారు సినిమా పాట కావాలన్నారు. ఇంకోసారి వాన కొట్టింది. ఇలా పదేళ్ళు గడిచాయి. "ఈసారి క్రషింగ్ మొదలైన నాడు బండ్ల లైను ముందట వాయిద్దం. రైతులు వద్దనరు" అన్నారు మొన్న మొన్ననే. చెరుకు ఇంకా చేలలోనే ఉంది.

ఆదివారం పొద్దున మట్టి చేయడానికి అందరం గల్లీలో చేరాం. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. ఆయన్ను ఉంచిన పెట్టెను రెండు బల్లల మీద పెట్టారు. బ్యాండులో మిగిలిన ఏడుగురూ ఎర్ర కోట్లు వేసుకుని వరసలో నిలబడ్డారు, ముందు మాస్టర్ చోటు వదిలేసి. పెట్టె ఎత్తే ముందు వాళ్ళు వాయిస్తారని అందరికీ తెలుసు. దర్జీకి ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. క్లార్నెట్ చంకలో పెట్టుకుని వదినె ముందుకు వచ్చాడు.

"వదినె, మెల్లగనా? జల్దిగనా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "జల్దిది మాకు ఇంక పురాగ రాలె" అన్నాడు.

నాకు మెల్లగదే కావాలి. నాకు అదే కావాలని నోటి దాకా వచ్చింది. వదినె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గిన్నేండ్లు మిమ్ములను సతాయిచ్చింది ఏ దానికి? గదే వాయించుండ్రి" అంది. "తప్పు పోతె ఆయననే లేసి చెప్తడు."

హమాలీ డోలు మీద నాలుగు దెబ్బలు వేశాడు. మొదలయింది. గడపల్లో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు బైబిలు మూసి చేతిలో పట్టుకుని ఉన్నారు. ఏడుగురు ముసలివాళ్ళు, కళ్ళ నీళ్ళు కారుతుండగా, ఆ పాటను చేతనైనంత ఉరికిస్తున్నారు. ఎప్పుడూ లేచిపోయేదాన్ని, ఈసారి కదలకుండా నిలబడ్డాను. అలవాటు కొద్దీ ఎవరికీ వినబడని మూడో మనిషి కోసం వెతుక్కున్నాను, దొరికాడు.

సగం దాటాక దర్జీకి ఊపిరి అందలేదు. ఒక స్వరం తప్పింది, గల్లీ అంతటికీ వినబడేంత గట్టిగా. బ్యాండు ఆగలేదు. ఏడుగురూ వాయిస్తూనే తలలు తిప్పి పెట్టె వైపు చూశారు. నేనూ చూశాను. వదినె అయితే పెట్టె వైపు ఒక అడుగు వేసి, ఆగింది.